కూత వినిపిస్తోంది, పిట్ట కనిపించదు: పేరు తెలుసుకోవడానికి ఏ దారి మంచిది?

మన దగ్గర చాలా పిట్టలు కళ్లకంటే ముందు చెవులకే దొరుకుతాయి. చెట్టు చిటారున కూర్చున్న కంసాలి పిట్ట ఆకుల రంగులో కలిసిపోయి గంటసేపు టుక్ టుక్ మంటూనే ఉంటుంది. నైట్‌జార్ పగలంతా ఎండుటాకుల మధ్య కదలకుండా కూర్చుని, చీకటి పడ్డాకే గొంతు విప్పుతుంది. కోయిల కూత తెలియనివాళ్లు ఉండరు, కోయిలను సరిగ్గా చూసినవాళ్లు మాత్రం తక్కువే.

కూతను బట్టి పేరు పట్టుకోవడానికి ఇప్పుడు మన ముందు ఐదు దారులున్నాయి. మెర్లిన్ యాప్, బర్డ్‌నెట్ యాప్, జెనో-కాంటో అనే రికార్డింగుల సైటు, తెలిసినవాళ్లను అడగడం, సొంత చెవిని నమ్ముకోవడం. నా సలహా ముందే చెప్పేస్తాను. కొత్తవాళ్లు మెర్లిన్‌తో మొదలుపెట్టండి. అది చెప్పిన పేరును జెనో-కాంటోలో విని పోల్చుకున్నాకే ఖాయం చేసుకోండి. మిగతా మూడూ ఎప్పుడు పనికొస్తాయన్నది మీరు ఎక్కడున్నారు, పగలా రాత్రా, నెట్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఏ దారి ఎంచుకున్నా మొదటి పని ఒకటే: రికార్డ్ చేయడం.

ముందు రికార్డింగ్, తర్వాతే పేరు

కూత విన్న గంట తర్వాత దాన్ని నోటితో అనుకరించి చూపించమంటే ఎవరికీ సరిగ్గా రాదు. మూడు స్వరాలా నాలుగా, చివర్లో పైకి లేచిందా కిందికి దిగిందా అన్నవే పేరును తేల్చే గుర్తులు. జ్ఞాపకంలో ముందు చెరిగిపోయేవి కూడా అవే. చేతిలో అర నిమిషం రికార్డింగ్ ఉంటే ఈ రోజు ఒక యాప్‌కు, రేపు ఒక మనిషికి, పదేళ్ల తర్వాత ఇంకా మెరుగైన యాప్‌కు వినిపించవచ్చు. అది లేకపోతే మిగిలేది ఊహే.

దీనికి ఖరీదైన మైకు అక్కర్లేదు, ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపేయండి, రోడ్డుకు వీపు పెట్టి నిలబడండి, ఫోన్ మైకును కూత వచ్చే వైపు తిప్పి కదలకుండా పట్టుకోండి. ముప్పై సెకన్ల నుంచి ఒక నిమిషం వరకు మాట్లాడొద్దు. కూత ఆగాక మీ గొంతుతోనే తేదీ, సమయం, ఊరు, కూత చెట్టుపైనుంచి వచ్చిందా పొదలోంచా నేల మీదినుంచా, చుట్టూ పొలమా చెరువా అన్నవి చెప్పి ఆపండి. ఆ నాలుగు ముక్కలు ఫైల్‌లోనే ఉండిపోతాయి కాబట్టి తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఆ ఫైల్‌ను ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపకండి. వాయిస్ మెసేజ్ మనుషుల మాట కోసం తయారైంది. ఫైల్ చిన్నదవడానికి అది శబ్దాన్ని కుదించేస్తుంది, సన్నటి పిట్ట కూతలకు ప్రాణమైన పైస్థాయి ధ్వనులు అందులోనే పోతాయి. అదే ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఇంకో మాట. కూస్తున్నది అసలు పిట్టేనా అని చూసుకోండి. పెరట్లో పొద్దున్నే చిక్ చిక్ చిక్ మంటూ ఆపకుండా వచ్చే గొంతు చాలాసార్లు ఉడుతది. వానాకాలం రాత్రుల్లో కప్పలూ కీచురాళ్లూ ఉండనే ఉంటాయి. దీనికి తలకిందులుగా జరిగేదీ ఉంది. కొన్ని సెకన్లకోసారి ఒక్క మెత్తటి "వట్" అని, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ "వట్" అని వినిపిస్తే కప్ప అనుకుని వదిలేస్తాం. అది స్కాప్స్ గుడ్లగూబ కావచ్చు.

మెర్లిన్: మొదటి అడుగుకు ఇదే

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆర్నిథాలజీ (పక్షిశాస్త్ర) ల్యాబ్ 2014లో ఈ యాప్ తెచ్చింది. శబ్దాన్ని విని పేరు చెప్పే సౌండ్ ఐడీ 2021లో చేరింది. పూర్తిగా ఉచితం. మన ప్రాంతపు బర్డ్ ప్యాక్ (అక్కడి పిట్టల సమాచారం ఉన్న ఫైళ్లు) ఒకసారి వైఫైలో దించుకుంటే తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నల్లమలలోనో మారేడుమిల్లిలోనో సిగ్నల్ లేనిచోట ఈ ఒక్క గుణమే దీన్ని ముందు నిలబెడుతుంది.

బటన్ నొక్కితే రికార్డింగ్ మొదలవుతుంది, వినిపించిన పిట్టల పేర్లు ఒక్కొక్కటే జాబితాలో చేరతాయి, ఏది కూస్తుంటే ఆ పేరు వెలుగుతుంది. ఐదారు పిట్టలు కలిసి కూసే తెల్లవారుజామున ఏ గొంతు ఎవరిదో విడదీసి నేర్పే సాధనం ఇంతకంటే మంచిది నాకు తెలియదు. పేరు మీద నొక్కితే ఆ జాతి నమూనా కూతలు కూడా అక్కడే వినవచ్చు. రికార్డింగ్ ఫోన్‌లో మిగులుతుంది కాబట్టి మొదట చెప్పిన పని కూడా తీరిపోతుంది.

ఇది ఎక్కడ తడబడుతుందో తెలిసి వాడాలి. యాప్ లోపల జరిగేది శబ్దాన్ని బొమ్మగా మార్చి, ఆ బొమ్మను అంతకుముందు నేర్చుకున్న బొమ్మలతో పోల్చడం. ఏ జాతికి రికార్డింగులు ఎక్కువ ఉన్నాయో దాన్ని బాగా పడుతుంది. పిగిలిపిట్ట, గోరింక, కోయిల, జెముడుకాకి లాంటి ఊరి పిట్టల విషయంలో దాన్ని చాలావరకు నమ్మవచ్చు. రికార్డింగులు తక్కువగా ఉన్న అడవి పిట్ట కూస్తే నోరు మెదపదు, లేదా దగ్గరగా వినిపించే మరో పేరు చెబుతుంది. దూరం నుంచి వచ్చే లోతైన గొంతులు కూడా దానికి కష్టమే. జెముడుకాకి "ఊప్ ఊప్ ఊప్" మన చెవికి స్పష్టంగా తెలుస్తుంది, ఫోన్ మైకులో మాత్రం బండ్ల రొద కింద మునిగిపోతుంది.

అనుకరించే పిట్టల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మన పొలాల్లో తీగల మీద కూర్చునే పసులపోలిగాడు (నల్ల డ్రోంగో) షిక్రా డేగ గొంతు అచ్చంగా తీస్తాడు. పాపికొండల అడవుల్లో తోకకు రెండు పొడవాటి ఈకలు వేలాడే రాకెట్ తోక డ్రోంగో అయితే వరసగా నాలుగైదు పిట్టల గొంతులు మార్చగలదు. యాప్ ఆ నాలుగు పేర్లూ చెబుతుంది, అసలు గాయకుడి పేరు మాత్రం చెప్పకపోవచ్చు. ఒకే కొమ్మ నుంచి ఒక్క నిమిషంలో డేగ, బుల్‌బుల్, చిలుక పేర్లు వరసగా వస్తే ముందు డ్రోంగోనే అనుమానించండి.

బర్డ్‌నెట్: దగ్గరి చుట్టం, పద్ధతి వేరు

ఇది కూడా ఉచితమే. కార్నెల్‌లోని మరో విభాగం, జర్మనీలోని కెమ్నిట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి తయారుచేశాయి. మెర్లిన్ తనంతట తాను పేర్లు చెప్పుకుంటూ పోతుంది. బర్డ్‌నెట్‌లో మనం రికార్డ్ చేసి, తెర మీద కనిపించే శబ్దపటంలో (శబ్దాన్ని గీతలుగా చూపే బొమ్మలో) మనకు కావాల్సిన ముక్కను వేలితో ఎంచి, అదేమిటని అడగాలి. విశ్లేషణ సర్వర్ మీద జరుగుతుంది కాబట్టి నెట్ ఉండాలి.

దీని బలం రెండు చోట్ల. ఒకటి, ఎంత నమ్మకంతో చెబుతోందో మాటల్లో చూపిస్తుంది: దాదాపు ఖాయం, బాగా అవకాశం ఉంది, అనుమానం, ఇలా. రెండోది, గోల మధ్య ఒక్క కూతను మాత్రమే వేరుచేసి అడగవచ్చు. పక్క మేడ మీద పావురాలు గుబగుబలాడుతుంటే, దూరంగా ఏదో సన్నటి ఈల వస్తుంటే, ఆ ఈల ఉన్న రెండు సెకన్లను ఎంచుకుంటే చాలు. కంప్యూటర్ మీద కాస్త చేయి తిరిగినవాళ్లకు దీని మరో రూపం, బర్డ్‌నెట్ ఎనలైజర్, ఇంకా పనికొస్తుంది. రాత్రంతా పొలంలో రికార్డర్ పెట్టి, పొద్దున్నే ఆ గంటల ఫైల్‌ను దానికి ఇస్తే ఎక్కడెక్కడ ఏ పిట్ట కూసిందో జాబితా ఇస్తుంది.

రెండిట్లో ఒకటే పెట్టుకోవాలంటే మెర్లిన్. ఫోన్‌లో చోటు ఉంటే రెండూ పెట్టుకుని, ఒకటి చెప్పిన పేరును రెండో దాంతో అడిగి చూడండి. రెండూ ఒకే పేరు చెప్పినా అది రుజువు కాదు, రెండూ దాదాపు ఒకేలాంటి రికార్డింగుల మీద చదువుకున్నవే. రెండూ వేరు పేర్లు చెబితే మాత్రం ఆగి ఆలోచించాలని గట్టి హెచ్చరిక వచ్చినట్టే.

జెనో-కాంటో: ఓపిక ఉన్నవాళ్ల దారి

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇది. నెదర్లాండ్స్‌లో 2005లో మొదలైన ఈ సైటులో ప్రపంచం నలుమూలల నుంచి మామూలు జనం ఎక్కించిన పిట్ట కూతలు లక్షల్లో ఉన్నాయి. ప్రతి రికార్డింగుకూ ఎక్కడ, ఏ నెలలో, ఏ సమయాన చేశారో, అది పాటా పిలుపా హెచ్చరికా అన్న వివరం ఉంటుంది. నాణ్యతకు A నుంచి E దాకా గుర్తులు ఉంటాయి. భారతదేశం నుంచి వచ్చినవి మాత్రమే వచ్చేలా వడకట్టుకోవచ్చు. ఇలా వడకట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే చాలా జాతుల్లో ప్రాంతాన్ని బట్టి కూతలో తేడాలుంటాయి.

ఇక్కడ పేరు ఎవరూ చెప్పరు. అనుమానం ఉన్న రెండు మూడు జాతులు మీకు ముందే తెలిసి ఉండాలి, ఒక్కొక్కటీ విని మీ రికార్డింగుతో పోల్చుకోవాలి. అందుకే కొత్తవాళ్లు నేరుగా ఇక్కడికి వస్తే వేల పేర్ల మధ్య తప్పిపోతారు. మెర్లిన్ ఒక పేరు ఇచ్చాక వస్తే ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ప్రతి రికార్డింగ్ పక్కన శబ్దపటం కూడా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్వరస్థాయి. కోయిల "కుహూ" పైకి వంగిన గీతలా కనిపిస్తుంది. కంసాలి పిట్ట కూత సమాన దూరంలో పేర్చిన చుక్కల వరస, నిమిషానికి వందకు పైగా. బరబరమనే కూతలు నిలువు మరకల్లా ఉంటాయి. ఒక వారం అలవాటైతే చెవి పట్టుకోలేని తేడాను కన్ను పట్టుకుంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. చెరువు పక్క తోటలో గట్టిగా, గలగలమని, గుర్రం సకిలించినట్టు ఒక కూత వస్తుంది. అది తెల్లగొంతు లకుముకి పిట్టా, బంగారు వీపు వడ్రంగి పిట్టా? చాలామంది ఇక్కడ తికమకపడతారు. లకుముకి చిటారు కొమ్మన కూర్చుని పొడవుగా, వణుకుతూ, కిందికి దిగుతూ కూస్తుంది, అది కొంతసేపు సాగుతుంది. వడ్రంగి పిట్ట గొంతు కటువుగా ఉంటుంది, తక్కువసేపు పేలినట్టు వచ్చి ఆగిపోతుంది, తరచూ చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ ఇస్తుంది. యాప్ ఒక పేరు చెప్పి ఊరుకుంటుంది. జెనో-కాంటోలో రెండింటివీ మూడేసి రికార్డింగులు వింటే ఈ తేడా మీ సొంతమవుతుంది, ఇక ఆ కూతకు యాప్ తెరవాల్సిన అవసరమే రాదు.

తెలిసినవాళ్లను అడగడం

ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి పిట్టలను చూసినవాళ్లు యాప్‌కు తెలియనివి చాలా చెబుతారు. "ఆ చెరువు గట్టున ఈ నెలలో అది రాదు", "అది కోయిల ఆడపిట్ట, కిక్ కిక్ కిక్ మని అరుస్తుంది" లాంటివి. హైదరాబాద్‌లో డెక్కన్ బర్డర్స్ లాంటి పాత సంఘాలు పిట్టలు చూసే నడకలు పెడుతుంటాయి. ఒక పూట వాళ్లతో తిరిగితే నేర్చుకునేది యాప్‌తో నెల రోజుల్లో రాదని నా నమ్మకం. ఫిబ్రవరిలో జనం తమ చుట్టూ ఉన్న పిట్టలను లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ రోజుల్లో కొత్తవాళ్లకు ఇలాంటి నడకలు దొరకడం తేలిక.

లోటల్లా వేగమే. జవాబు రావడానికి రోజు పట్టవచ్చు. అస్పష్టమైన రికార్డింగ్ పంపి పేరు కావాలంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఊళ్లో గొర్రెలు కాసేవాళ్లను, వేట తెలిసిన పెద్దవాళ్లను అడగడం కూడా ఈ దారిలోదే. పొదల్లోంచి పొద్దున్నే గట్టిగా పిలిచే కౌజును, రాత్రి నేల మీద తిరిగే పిట్టలను వాళ్లకంటే బాగా ఎరిగినవాళ్లు అరుదు.

మీ పరిస్థితికి ఏది?

అపార్ట్‌మెంట్ బాల్కనీలో వినిపించే కూతలకు మెర్లిన్ చాలు. నగరంలో తిరిగేవి పాతిక ముప్పై మామూలు జాతులే, వాటన్నిటినీ అది బాగా ఎరుగును. ఇక్కడ చిక్కు తెచ్చేవి రెండు చిన్న పిట్టలు. కుట్టుపిట్ట తన ఒంటికి మించిన గొంతుతో "టువిట్ టువిట్ టువిట్" అని ఒకే మాటను గట్టిగా తిప్పితిప్పి అంటుంది. బూడిదరంగు ప్రీనియా పాట కూడా దాదాపు అలాగే ఉంటుంది, కాకపోతే ఎగిరేటప్పుడు చిటికెలు వేసినట్టు పటపటమనే చప్పుడు కూడా చేస్తుంది. ఆ చిటికెలు వినిపిస్తే ప్రీనియానే.

ఎండాకాలం నుంచి వానల దాకా రాత్రీపగలూ కూసే గొంతులకు ముందు మీ చెవినే నమ్ముకోండి, ఎందుకంటే ఈ జాతుల కూతల్లో లెక్క స్పష్టంగా ఉంటుంది. రెండు స్వరాల "కుహూ" ప్రతిసారీ కాస్త పైకి లేస్తూ ఏడెనిమిది సార్లకు ఆగితే కోయిల. మూడు స్వరాలుగా, ప్రతి విడతా మరింత ఎత్తుకూ ఆత్రానికీ ఎక్కి, చటుక్కున తెగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలైతే బ్రెయిన్ ఫీవర్ పక్షి. మే నెల రాత్రుల్లో నిద్ర చెడగొట్టిందని చాలామంది కోయిలను తిట్టుకునేది దీనివల్లే. నాలుగు స్వరాలు విడివిడిగా, తాపీగా, తూర్పు కనుమల అడవిలో వినిపిస్తే ఇండియన్ కుకూ. తొలకరి రోజుల్లో "పియూ పియూ" అని గట్టిగా ఈల వేసేది చాతకం. స్వరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఈ నలుగురూ విడిపోతారు.

పల్లెలో రాత్రిపూట వినిపించే వాటికి మాత్రం ఒక్క దారి సరిపోదు. యాప్‌లో వింటూనే పక్కన ఫైల్ దాచుకోండి, పొద్దున్నే జెనో-కాంటోలో పోల్చండి. చీకట్లో ఆకాశంలో తిరుగుతూ అరిచే తీతువు గొంతు వింటే కీడని భయపడే ఇళ్లు ఇంకా ఉన్నాయి, రాళ్లు విసిరేవాళ్లూ ఉన్నారు. అది నేల మీద గుడ్లు పెట్టే పిట్ట, కుక్కో నక్కో మనిషో గూటి దరిదాపుల్లోకి వస్తే అలా లేచి అరుస్తుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, ఆ కూతను ఫోన్‌లో వినిపించి, పిట్ట ఫొటో చూపిస్తే చాలా భయం పోతుంది. ఈ పని ప్రతి ఊళ్లో జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను.

చలికాలంలో మామిడి, చింత గుబుర్లలో దాక్కునే వలస వార్బ్లర్ల విషయంలో యాప్ నిజంగా కళ్లు తెరిపిస్తుంది. బ్లైత్ రీడ్ వార్బ్లర్ "చక్... చక్" అని రాళ్లు తాకించినట్టు పొడిగా అంటుంది, పచ్చ వార్బ్లర్ రెండు ముక్కల సన్నటి పిలుపు ఇస్తుంది. చూడటానికి రెండూ రంగు లేని చిన్న పిట్టలే, కదిలే ఆకుల మధ్య చూపుకు అందవు. పిలుపే వాటిని వేరుచేస్తుంది.

వయసు పైబడి సన్నటి ధ్వనులు సరిగా వినిపించని వాళ్లకూ మెర్లిన్ గొప్ప సాయం. తెర మీద పేరు వెలిగితే, తమ చెవికి అందని కూత అక్కడ ఉందని తెలుస్తుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతాను. అక్కడి పిట్టల రికార్డింగులు విస్తారంగా ఉన్నాయి కాబట్టి యాప్ మనదేశంలోకంటే బాగా పనిచేస్తుంది. డాలస్‌లో వసంతకాలపు రాత్రి గొంతులు మారుస్తూ ఆపకుండా పాడే పిట్ట వినిపిస్తే అది మాకింగ్‌బర్డ్ అయ్యుంటుంది, టెక్సస్ రాష్ట్ర పక్షి. అది కూడా అనుకరించేదే కాబట్టి పైన డ్రోంగో గురించి చెప్పిన జాగ్రత్త అక్కడా పాటించాలి.

పేరు రాసేటప్పుడు, కూత వినిపించేటప్పుడు

చూసిన, విన్న పిట్టల జాబితాలు ఎక్కించే ఈబర్డ్ సైటులో నమోదు చేసేవాళ్లు యాప్ చెప్పిందన్న ఒక్క కారణంతో పేరు ఎక్కించకండి. మీరు విని, పోల్చి, ఒప్పుకున్నదే రాయండి. తేలకపోతే "కుకూ జాతి" అని ఆపే సౌకర్యం అందులోనే ఉంది. రికార్డింగును జాబితాకు జోడించండి, తర్వాత ఎవరైనా విని సరిచేయగలుగుతారు.

రికార్డింగును స్పీకర్‌లో మోగించి పిట్టను బయటికి రప్పించే అలవాటును మాత్రం నేను ఏ పరిస్థితిలోనూ సిఫారసు చేయను. తన చోటులోకి పోటీదారు వచ్చిందనుకుని ఆ పిట్ట గూడు, మేత వదిలి కొట్లాటకు వస్తుంది. అరుదైన జాతుల దగ్గర ఇది నేరుగా హాని. జెనో-కాంటో కూడా ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల రికార్డింగులను అందరికీ తెరిచి ఉంచదు.

ఇందుకు మన కలివికోడి కంటే పెద్ద కారణం అక్కర్లేదు. జెర్డాన్ అనే పక్షి శాస్త్రవేత్త 1848లో లోకానికి చెప్పిన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. ముళ్లపొదల మధ్య రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి లంకమల ప్రాంతంలో దాన్ని వెతికినవాళ్లు నేల మీది అడుగుజాడలనూ, పొద్దుగూకాక కాసేపే వినిపించే దాని రెండు స్వరాల కూతనూ నమ్ముకోవాల్సి వచ్చింది. ఆ వైపు పొదల అడవుల్లో సాయంత్రం మీకు పోల్చుకోలేని రెండు స్వరాల కూత వినబడితే దాని వెంట పడకండి, తిరిగి మోగించకండి. ఉన్నచోటే నిలబడి రికార్డ్ చేసి, చోటు, సమయం రాసుకుని, అటవీ శాఖ వాళ్లకు ఆ ఫైల్ అందించండి. ఆ చోటును మాత్రం అందరికీ కనిపించేలా ఎక్కడా పెట్టకండి.